తల్లి కంచంలో ఏముంటే బిడ్డ గిన్నెలో అదేనా? (తల్లులు, అంగన్‌వాడీ వాళ్లు చెప్పండి)

కందిచేను · సోమవారం, ఉదయం 6:50

అందరికీ నమస్తే. నేను ఉమ్మడి పాలమూరు జిల్లాలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ని. సెంటర్లకు పోయినప్పుడు ఆరు నెలలు దాటిన పిల్లల తల్లులను "నిన్న పొద్దున లేచిన కాడి నుంచి రాత్రి పండుకునే దాకా బిడ్డకు ఏమేం పెట్టినవ్ అమ్మా" అని అడగడం మా పనిలో భాగమే. ఈ మధ్య దాంతోపాటు "మరి నువ్వేం తిన్నవ్?" అని కూడా అడుగుతున్నాను. చాలామంది ముందు నవ్వుతారు. "నాదేముంది మేడమ్" అంటారు. గట్టిగా అడిగితే అప్పుడు చెబుతారు: పొద్దున చాయ్, పదింటికి అన్నం, చారు, రాత్రికి మళ్లీ అదే అన్నంలో పచ్చడి. బిడ్డ సంగతి చూస్తే చారన్నం, మధ్యలో చాయ్‌లో ముంచిన బిస్కెట్.

లెక్క తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. ఆడవాళ్లకు 10 రకాల తిండిలో రోజుకు కనీసం 5 ఉండాలంటారు. అన్నం, రొట్టె, దుంపలు కలిపి ఒకటి. పప్పులు ఒకటి. పల్లీలు, నువ్వులు ఒకటి. పాలు పెరుగు, మాంసం చేపలు, గుడ్డు, ఆకుకూర వేటికవి. క్యారెట్, తీపి గుమ్మడి, మామిడిపండు, బొప్పాయి లాంటివి ఒకటి, మిగతా కూరగాయలు ఒకటి, మిగతా పండ్లు ఒకటి. 6 నుంచి 23 నెలల పిల్లలకైతే తల్లిపాలతో కలిపి 8 రకాలు, అందులో 5. పొద్దున అటుకులు, మధ్యాహ్నం అన్నం, రాత్రి జొన్నరొట్టె తిన్నా లెక్కలో ఒక్కటే అని చెబితే మా టీచర్లే నమ్మరు.

నా అనుమానం ఏంటంటే, తల్లి రెండు మూడు రకాలతో బతుకుతుంటే బిడ్డకు ఐదు రకాలు పెట్టమని చెప్పడం ఉత్త మాటే. మీ ఇళ్లలో ఎట్లుంది?

చిట్టిముద్ద · సోమవారం, ఉదయం 9:15

అక్కా, మాది గుంటూరు వైపు. నాకు జరిగింది చెబుతాను. కాన్పు అయ్యాక మూడో నెల దాకా పథ్యం. వేడన్నం, నెయ్యి, కరివేపాకు కారం, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, మధ్యాహ్నం ఒక్కోరోజు బీరకాయో పొట్లకాయో. పప్పు తింటే బిడ్డకి కడుపునొప్పి, పెరుగు తింటే జలుబు, పండ్లు చలవ, గుమ్మడికాయ వాతం, వంకాయ దురద. ఏది అడిగినా "పచ్చి బాలింతవి, నోరు కట్టుకో" అనేవాళ్లు.

పథ్యం ఎప్పుడో ఎత్తేశారు. కానీ పాపకి ఇప్పుడు ఎనిమిదో నెల. పప్పు కట్టు అన్నంలో కలిపి పెడదామంటే మా అమ్మ ఒప్పుకోదు. "నువ్వు తిన్నప్పుడే దానికి పడలేదు, ఇప్పుడు దాని నోట్లోనే పెడతావా" అంటుంది. అంటే నా పథ్యం ఇప్పుడు పాపకి వచ్చింది. వాదించలేక టెన్షన్‌గా ఉంది. ఎవరైనా డాక్టర్ చెప్పారంటే వింటుందేమో.

పచ్చిమిర్చి · సోమవారం, ఉదయం 9:40

మా ఇంట్లో పది రకాలూ వండుతామండి. పది రకాలూ మావారి కంచంలోకి, మామగారి కంచంలోకి వెళ్తాయి. గిన్నె అడుగున ఏది మిగిలితే అది మా రకం.

డల్లాస్‌బామ్మ · సోమవారం, ఉదయం 10:05

చిట్టిముద్ద తల్లీ, మీ అమ్మని ఏమీ అనకు. పథ్యం అంటే అంతా మూఢనమ్మకం అని ఈ కాలం పిల్లలు కొట్టిపారేస్తారు. మా పెద్దాపురం వైపు బాలింతకి తెలగపిండి, మునగాకు కలిపి కూర చేసి పెట్టేవాళ్లం, పాలు పడతాయని. చేపలు తినే ఇళ్లలో సొర పుట్టు చేసి పెట్టేవాళ్లు. తెలగపిండి అంటే నువ్వుల నూనె తీసిన పిండే కదా. ఆ కందిచేను అమ్మాయి లెక్క ప్రకారం చూసినా గింజలు, ఆకుకూర, చేప, మూడు రకాలు పడ్డాయి.

పాడు చేసిందెవరంటే, పెట్టాల్సినవి మర్చిపోయి వద్దన్నవి మాత్రం గుర్తుపెట్టుకున్న మన తరం. తెలగపిండి దొరకడం లేదని మానేశారు, మునగచెట్టుకు గొంగళిపురుగులని కొట్టేశారు, కారప్పొడి మాత్రం మిగిలింది. నా కూతురు ఇక్కడ కన్నప్పుడు సూట్‌కేసు నిండా ఆ పొడులే తెచ్చాను, ఆసుపత్రి వాళ్లు మొదటి పూటే పళ్లెంలో పండ్లు, పెరుగు, ఉడికించిన గుడ్డు పెట్టారు. పిల్ల శుభ్రంగా తిన్నది. ఏమీ కాలేదు.

తార్నాక_మెస్ · సోమవారం, మధ్యాహ్నం 1:20

పోషకాహారంలో పీజీ చేస్తున్నాను, డాక్టర్‌ని కాదు. తెలిసినంత వరకు చెబుతాను.

కందిచేను గారూ, మీ అనుమానాన్ని లెక్కలతో చూసిన వాళ్లున్నారు. బంగ్లాదేశ్, వియత్నాం, ఇథియోపియాల్లో తల్లీబిడ్డల తిండిని పక్కపక్కన పెట్టి చూసిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. మూడు చోట్లా తల్లి తిండిలో రకాలు పెరిగిన కొద్దీ బిడ్డ తిండిలోనూ పెరిగాయి. ఇంటి ఆస్తి, తల్లి చదువు లాంటివి పక్కన పెట్టి చూసినా ఆ సంబంధం పోలేదు. మూడు దేశాల వంటలకీ పొంతనే లేదు కాబట్టి నాకు ఇది ఆసక్తిగా అనిపించింది. అయితే తల్లి తింటే బిడ్డకి దానంతట అదే అందుతుందని దీని అర్థం కాదు. ఇద్దరిదీ ఒకే పొయ్యి, ఒకే సంత.

మన దగ్గర సంగతి: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6-23 నెలల పిల్లల్లో సరిపడా రకాలు, సరిపడా సార్లు తిన్నవాళ్లు దేశం మొత్తం మీద 11.3 శాతమే. అదే సర్వేలో రక్తహీనత ఉన్న ఆడవాళ్లు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అయిదేళ్ల లోపు పిల్లల్లో తెలంగాణ 70, ఆంధ్ర 63.2. తల్లి, బిడ్డ ఇద్దరూ ఒకే గుంపులో ఉన్నారు.

చిట్టిముద్ద గారూ, మీ అమ్మగారికి ఇలా చెప్పి చూడండి. తల్లి తినే దాన్ని బట్టి పాలలో మారేవి కొన్ని, మారనివి కొన్ని. ఇనుము, కాల్షియం పెద్దగా మారవు, తల్లి ఒంట్లోంచి తీసుకునైనా పాలు తయారవుతాయి. విటమిన్ ఎ, బి1, బి12, అయోడిన్ మాత్రం తల్లి తిండిని బట్టి తగ్గుతాయి. ఇక్కడ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూర్‌లో బెరిబెరి మీద పరిశోధన కోసమే మొదలైంది. బెరిబెరి అంటే బి1 లోపం. పాలిష్ పట్టిన బియ్యమే తింటూ మిగతావి మానేసిన తల్లుల పాలు తాగే పసిపిల్లలకి కూడా అది వచ్చేది. కాన్పు తర్వాత కఠినమైన పథ్యం పాటించే కంబోడియా, లావోస్‌లలో ఇటీవలి కాలంలోనూ కనిపించింది. పప్పు కట్టుకు ఎనిమిదో నెల ఆలస్యమే తప్ప తొందర కాదు. పెసరపప్పుతో మొదలుపెట్టండి.

గోదారిగట్టు · సోమవారం, సాయంత్రం 7:30

అన్నీ బాగానే చెబుతున్నారు. రేట్లు ఎవరు చెబుతారండి? రేషన్‌లో బియ్యం వస్తాయి. పాలు, గుడ్డు, పండు రేషన్‌లో రావు. కిలో కందిపప్పు కొనాలంటే ఒక పూట కూలి ఆలోచించాలి. ఆడవాళ్లకి తెలియక కాదు, చేతిలో లేక. మీటింగులు పెట్టి చార్టులు చూపిస్తే కడుపు నిండదు. ముందు కొనే స్తోమత వస్తే రకాలు అవే వస్తాయి.

తార్నాక_మెస్ · సోమవారం, రాత్రి 8:10

డబ్బు పెద్ద కారణమే, కాదనను. కానీ ఒక్క మాట. 1990 చివర్లో వియత్నాంలో థాన్ హోవా అనే చోట పిల్లల పోషణ మీద పనిచేయడానికి స్టెర్నిన్ దంపతులు వెళ్లారు. అక్కడ నిరుపేద ఇళ్లలోనే బాగా ఎదిగిన పిల్లలు కొందరు కనిపించారు. ఆ తల్లులు ఏం చేస్తున్నారా అని చూస్తే, వరి మడుల్లో దొరికే చిన్న రొయ్యలు, పీతలు ఏరి, చిలగడదుంప ఆకుతో కలిపి పిల్లల అన్నంలో వేస్తున్నారు. రోజుకు రెండుసార్లు కాకుండా ఎక్కువసార్లు కొంచెం కొంచెంగా పెడుతున్నారు. ఆ రొయ్యలు, ఆకు ఊళ్లో అందరికీ ఉచితమే. పసిపిల్లలకు పనికిరావని మిగతావాళ్లు పెట్టేవాళ్లు కాదు. తర్వాత మిగతా తల్లులు గిన్నెడు రొయ్యలు తెస్తేనే వంటకు కూర్చోనిచ్చేవాళ్లు. ఉపన్యాసాలు ఇవ్వలేదు, కలిసి వండారు.

గోదారిగట్టు · సోమవారం, రాత్రి 8:25

మడిలో రొయ్యలా! మా డెల్టాలో వేసే మందులకి ఇప్పుడు మడిలో కప్ప కూడా లేదండి. ముప్పై ఏళ్ల నాటి వియత్నాం వేరు.

నల్లరేగడి · సోమవారం, రాత్రి 9:45

మందుల గురించి గోదారిగట్టు అన్న చెప్పింది నిజం. నేను జహీరాబాద్ వైపు. మా దిక్కు ఆకుకూర కొనుడు అనే మాట మా అవ్వ కాలంలో లేదు. జొన్నచేన్లో కలుపుకు పోయిన ఆడోళ్లు కొంగు నిండా కూర తెచ్చేటోళ్లు. దొగ్గలికూర, తుమ్మికూర, గునుగుకూర, జొన్నచెంచలి. ఎవరూ విత్తనం వేయరు, వానకు అవే మొలుస్తాయి. పస్తాపూర్ మహిళా సంఘాల వాళ్లు ఇప్పటికీ ఒకే చేన్లో జొన్న, కంది, అనుములు, నువ్వులు కలిపి వేస్తారు, వాళ్ల చేన్లో ఇంకా ఈ కూరలు దొరుకుతాయి.

పత్తి వచ్చినంక రెండు పనులు అయినయ్. చేన్లోని కంది సాళ్లు పోయినయ్, పప్పు కొనుక్కునే వస్తువు అయింది. కూలీలు దొరకట్లేదని గడ్డిమందు కొట్టుడు మొదలైంది, కూర మాడిపోయింది. మగోడు పత్తి పైసలు తెస్తడు నిజమే. ఆ పైసలు విత్తనం అప్పుకు, మందుల దుకాణానికి, ఆటో కిస్తీకి పోతయ్. కొంగులో వచ్చిన కూర మాత్రం సీదా పొయ్యి మీదికే పోయేది. పైసలొస్తే రకాలు వస్తయ్ అనేది నేను ఒప్పుకోను అన్నా.

వలసపక్షి · మంగళవారం, ఉదయం 7:05

తార్నాక గారు ఇథియోపియా అన్నారు కాబట్టి రాస్తున్నా. మన తెలుగు లెక్చరర్లు ఎంతోమంది అక్కడి యూనివర్సిటీల్లో పనిచేశారు, నేనూ గోండార్‌లో పాఠాలు చెప్పాను. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసాలు చాలా ఎక్కువ. ప్రతి బుధవారం, శుక్రవారం, ఈస్టర్ ముందు 55 రోజులు, ఇంకా బోలెడు. ఉపవాసం అంటే మధ్యాహ్నం దాకా ఏమీ తినరు, తిన్నా మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. టెఫ్ అనే గింజల పిండితో అట్టులా పోసిన ఇంజెరా, మీద శనగ, బఠానీ పిండితో చేసిన షీరో.

చర్చి నియమం ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలకి ఉపవాసం లేదు. గర్భిణికి, బాలింతకి కూడా మినహాయింపు ఉంది. కానీ మా పక్కింటి ఆవిడ చంటిపిల్ల తల్లి, గుడ్డు వండేది కాదు. పిల్లకోసం వండితే గిన్నెకి అంటుతుంది, ఆ గిన్నెలో ఇంక పెద్దవాళ్లకి వండకూడదు. విడిగా గిన్నె కొనేంత ఆలోచన ఎవరికీ రాదు. పెద్దవాళ్ల నియమం గిన్నె దగ్గర మొదలై బిడ్డ దాకా వెళ్లిపోతుంది. కార్తీకమాసంలో మన ఇళ్లలో నీచు గిన్నెలు అటక ఎక్కవూ?

చిట్టిముద్ద · మంగళవారం, ఉదయం 8:30

మా ఇంట్లో కార్తీకమే కాదండీ, శనివారం, సోమవారం, గురువారం కూడా. ఇక గుడ్డు తినే రోజులు ఎన్ని మిగిలాయి!

ఎర్రమన్ను · మంగళవారం, రాత్రి 9:50

మీ మాటలన్నీ చదివిన. నేను కూలికి పోతా. మా ఆయన ఫోన్‌ల మాట్లాడి టైప్ చేస్తున్న, తప్పులుంటే అనుకోవద్దు.

మీరందరు తల్లి కంచం, బిడ్డ కంచం పక్కపక్కన ఉన్నట్టు మాట్లాడుతున్నరు. నాట్లప్పుడు పొద్దున ఏడుకు ట్రాలీ ఎక్కుతా, పొద్దుగూకంగ వస్తా. బాబుకు ఏడాది దాటింది. అత్తమ్మ దగ్గర ఉంటడు. ఆమెకు కండ్లు సరిగ్గ కానరావు, పొయ్యి ముట్టియ్యదు. నేను పొద్దున వండిన అన్నం, పప్పు డబ్బాల పెట్టిపోతా. ఎండకాలం మధ్యాహ్నానికి పప్పు వాసన వస్తది, అది పారబోసి పక్కన దుకాణంల పది రూపాయల చిప్స్ ప్యాకెట్ ఇప్పిస్తది. ఏడవకుండ ఉంటడు కదా అని. నా తిండి చేన్ల, వాని తిండి గడపల. రాత్రి పూటనే ఇద్దరం ఒక్క కంచంల తింటం.

బాబు చిన్నగున్నప్పుడు అంగన్‌వాడీల నాకు భోజనం ఉంది, గుడ్డు పాలు ఉన్నయ్ అన్నరు. ఒంటిగంటకు పెడతరు. ఒంటిగంటకు నేను ఊళ్ల ఉంటనా? కూలి పోగొట్టుకుని గుడ్డుకోసం వస్తనా?

పచ్చిమిర్చి · మంగళవారం, రాత్రి 10:02

ఎర్రమన్ను అక్కా, ఈ చర్చలో అసలు మాట నువ్వే చెప్పావు.

కందిచేను · బుధవారం, ఉదయం 6:30

చెల్లీ, నీ ప్రశ్నకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ రాత్రి రాయలేదు.

తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు సెంటర్లోనే ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతున్నాం. అక్కడే కూర్చుని తినాలనే నియమం ఎందుకంటే, ఇంటికి ఇస్తే గుడ్డు భర్తకో పెద్దపిల్లలకో పోతుంది, పచ్చిమిర్చి గారు చెప్పినట్టు. ఆ నియమమే కూలికి పోయే తల్లిని దూరం చేస్తుంది, నువ్వు చెప్పినట్టు. రెండూ నిజమే. నాట్ల సీజన్లో రిజిస్టర్ చూస్తే నాకు తెలుస్తూనే ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. బాలింతల భోజనం బిడ్డకు ఆరు నెలలు నిండేదాకానే. అంటే బిడ్డకు పైతిండి మొదలయ్యే రోజుకి తల్లి భోజనం ఆగిపోతుంది. ఆ తర్వాత బిడ్డకు బాలామృతం ప్యాకెట్, గుడ్లు. తల్లికి ఏమీ లేదు. ఇద్దరినీ కలిపి చూడకపోతే ఇట్లనే ఉంటుంది. పై మీటింగుల్లో ఈ మాట అన్నాను, రాసుకున్నారు.

బాలామృతం గురించి ఒక మాట. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి అందులో. దాన్ని వేడినీళ్లలో కలిపి అత్తమ్మ పెట్టొచ్చు, పొయ్యి అక్కరలేదు, ఫ్లాస్కులో నీళ్లు పోసిపెడితే చాలు. చిప్స్ ప్యాకెట్ మానాలంటే దాని కన్నా సులువైనది ఏదో అత్తమ్మ చేతికి అందాలి. పొద్దున ఉడకబెట్టిన గుడ్డు పొట్టు తీయకుండా పెట్టిపో, ఎక్కువసేపు ఉంచకుండా తినిపించమను. పెట్టేముందు పొట్టు తీసి మెత్తగా చిదిమి పెట్టమను.

తార్నాక_మెస్ · బుధవారం, మధ్యాహ్నం 12:40

గుడ్డు మాట వచ్చింది కాబట్టి. ఈక్వడార్‌లో 6-9 నెలల పిల్లలకి ఆరు నెలలపాటు రోజుకో గుడ్డు పెట్టి చూశారు. 2017లో ఫలితం వచ్చింది, ఎత్తు ఎదగని పిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. అందరూ ఎగిరి గంతేశారు. అదే పని ఆఫ్రికాలోని మలావీలో చేస్తే ఎత్తులో తేడా రాలేదు. అక్కడ పిల్లలు అప్పటికే చేపలు బాగా తింటున్నారు, అది ఒక కారణం కావచ్చన్నారు. లేని చోట పెడితేనే రకానికి విలువ.

ఇంకోటి కూడా నిజాయితీగా చెప్పాలి. ఒడిశాలోని కియోంఝర్‌లో ఊరి మహిళా సంఘాలకు పంటలు, పెరటితోటలు, పోషణ మీద స్థానికులతోనే తీసిన వీడియోలు చూపించి పెద్ద ప్రయోగం చేశారు. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. తల్లుల తిండిలోనూ, పిల్లల తిండిలోనూ రకాలు పెరిగాయి. పిల్లల బక్కతనం, తల్లుల బరువు మాత్రం మారలేదు. నీళ్ల విరేచనాలు, మోసే పని, తినే పరిమాణం, ఇవన్నీ అలాగే ఉంటే ఒక్క రకాలతో బరువు పెరగదు. కాబట్టి చార్టులతో కడుపు నిండదన్న గోదారిగట్టు గారి మాటలో కొంత నిజం ఉంది.

గోదారిగట్టు · బుధవారం, మధ్యాహ్నం 1:05

హమ్మయ్య, కొంతైనా ఇచ్చారు. ఇంతకీ ఒక డౌటు. మా ఇంట్లో ఆదివారం కోడికూర, బుధవారం చేపలు తప్పవు. మా కోడలు తింటుంది. మనవడికి ఏడాదిన్నర, వాడికి మాత్రం పెరుగన్నమే. మాటలు వచ్చేదాకా నీచు పెట్టకూడదని మా ఆవిడ. తల్లి కంచంలో ఉన్నా బిడ్డకి రాలేదుగా. మీ సూత్రం ఇక్కడ పనిచేయలేదేం?

డల్లాస్‌బామ్మ · బుధవారం, మధ్యాహ్నం 2:30

మాటలకీ మాంసానికీ ఏమిటయ్యా సంబంధం! నీ భార్య అసలు భయం కారం, ముల్లు. ఆ రెండూ తీసేస్తే ఒప్పుకుంటుంది. పోపులో ఉల్లిపాయ, పసుపు, అల్లం వేసి కోడిముక్కలు వేశాక, కారం పడకముందే రెండు ముక్కలు చిన్న గిన్నెలోకి తీసి నీళ్లు పోసి విడిగా మెత్తగా ఉడకనివ్వమను. పెద్దవాళ్ల కూర పెద్దవాళ్లదే. ముక్కని పీచుపీచుగా విడదీసి, ఆ నీళ్లతోనే అన్నంలో పిసికి పెట్టాలి. పప్పు అయినా, ఆకుకూర అయినా ఇదే పద్ధతి. కారానికి ముందు ఒక గరిటె పిల్లాడిది. రెండు వంటలు అక్కర్లేదు.

కందిచేను · బుధవారం, రాత్రి 8:15

బామ్మగారూ, ఈ "కారానికి ముందు గరిటె" మాట ఈ నెల తల్లుల మీటింగులో వాడుకుంటాను. చార్టు కన్నా పొయ్యి దగ్గర చూపిస్తే సులువు. వండి చూపించమని టీచర్లకు చెబుతాను. సాధ్యమైతే అత్తలను కూడా పిలుస్తాం, గిన్నె వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి.

చారులో తేలే టమాట ముక్కను కూరగాయగా రాయాలా అని మా టీచర్ ఒకరు అడుగుతున్నారు. తార్నాక గారూ?

తార్నాక_మెస్ · బుధవారం, రాత్రి 8:40

తల్లి లెక్కలో అయితే 15 గ్రాములు, అంటే సుమారు పెద్ద చెంచాడు తింటేనే రాయాలి. చారు రుచికి వేసిన ముక్క రాయకండి. లేకపోతే రిజిస్టర్‌లో అందరూ ఐదు రకాలు తిన్నట్టే కనిపిస్తారు.

ఎర్రమన్ను · గురువారం, రాత్రి 9:20

ఫ్లాస్కు తెచ్చిన. అత్తమ్మ బాలామృతం కలిపింది, ఉండలు కట్టింది కానీ తిన్నడు. గుడ్డు సగం వాడు, సగం ఆమె. ఇంకో మాట అడగాలె. ఎండు రొయ్యల పొడి మా ఇంట్ల ఎప్పుడూ ఉంటది. ఏడాది పిల్లగానికి అన్నంల కలపొచ్చా?

డల్లాస్‌బామ్మ · గురువారం, రాత్రి 10:10

కలపొచ్చు తల్లీ. కారం కలిపిన పొడి మాత్రం వద్దు, వాడికి విడిగా చేయి. తల, తోక తీసి రెండుసార్లు నీళ్లలో కడుగు, ఉప్పు, ఇసుక పోతాయి. ఆరాక మాడకుండా వేయించి మెత్తగా దంచి జల్లించు, గరుకు లేకుండా. మొదటి రోజు చిటికెడే, వేరే కొత్త తిండి ఏదీ ఆ రోజు పెట్టకు. ఒంటి మీద దద్దుర్లు గానీ, వాంతి గానీ అయితే ఆపేసి డాక్టర్‌కి చూపించు. పడితే మెల్లగా అరచెంచా దాకా పెంచు. ఆ అరచెంచా నీ సద్ది డబ్బాలో కూడా వేసుకో.